కొలువానంద స్వామి దర్బార్

‘‘స్వామీ, నేనెవరిని?’’

‘‘ఆ ప్రశ్న వేదాంతంలోదా నాయనా, హెచ్‌ఆర్‌ రౌండ్‌లోదా?’’

కొలువానంద స్వామి దర్బార్ ఇలా మొదలైంది. ఆశ్రమం ఎక్కడంటారా? నోటిఫికేషన్‌ కోసం ఎదురుచూసే కుర్రకారు ఎక్కడ చేరితే అక్కడే. అశోక్‌నగర్‌ స్టడీహాల్‌ మెట్ల మీద, అమీర్‌పేట టీకొట్టు దగ్గర, బెంజ్‌ సర్కిల్‌ హాస్టల్‌ డాబా మీద. పులిచర్మం బదులు పాత కరెంట్‌ అఫైర్స్‌ పుస్తకాల కట్ట, కమండలం బదులు వాటర్‌ బాటిల్‌, మెడలో రుద్రాక్షల బదులు ఇయర్‌ఫోన్లు. పరమానందయ్య గారికి శిష్యులు పన్నెండు మందే. మన స్వామికి ఏటా పట్టా పుచ్చుకుని బయటికొచ్చే ప్రతి ఒక్కరూ శిష్యులే.

ముందే ఒక మాట. ఈ స్వామి నకిలీ. సరదాగా మేం వేయించిన వేషం. జవాబుల్లోని నియమాలు, లెక్కలు మాత్రం అసలువి. నకిలీ అని ముందే ఎందుకు చెబుతున్నామో చివర్లో మీకే తెలుస్తుంది. ప్రస్తుతానికి చెప్పులు బయట విడిచి, ఫోన్‌ సైలెంట్‌లో పెట్టి లోపలికి రండి.

ఆత్మజ్ఞానం... 90 సెకన్లలో

మొదటి భక్తుడు బీటెక్‌ ఫైనలియర్‌. ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అనగానే నాలుక పిడచకట్టుకుపోతోందట.

‘‘నాయనా, అరుణాచలంలో రమణ మహర్షి భక్తులకు చెప్పిన సాధన ఇదే. నేనెవరినని నిన్ను నువ్వు ప్రశ్నించుకోవడం. నీకు అంత సమయం లేదు. ఒకటిన్నర నిమిషం ఉంది. అందులో మూడే చెప్పు. ఇప్పుడు ఏం చేస్తున్నావు? నీ చేత్తో చేసిన ఒక పని ఏది? ఈ ఉద్యోగం నీకెందుకు?

మా నాన్న గారు ఫలానా, మా ఊరు ఫలానా, నా హాబీలు క్రికెట్‌, పాటలు అంటూ పదో తరగతి మార్కుల దగ్గర మొదలుపెట్టావంటే, నువ్వు ఇంటర్మీడియట్‌కి వచ్చేసరికి వాళ్లు తర్వాతి రెజ్యూమె తీస్తారు. ‘నేను హార్డ్‌ వర్కర్‌ని’ అన్నది ఎవరైనా అనగలిగే మాట. ‘మా కాలేజీ లైబ్రరీలో పుస్తకాల లెక్క రిజిస్టర్‌లో రాసేవారు, నేను, నా ఫ్రెండ్‌ కలిసి దాన్ని ఎక్సెల్‌లోకి మార్చాం’ అన్నది నువ్వు మాత్రమే చెప్పగల మాట. చిన్నదైనా సరే, అదే చెప్పు. దాని మీద నాలుగు ప్రశ్నలు వేస్తే జవాబివ్వగలగాలి సుమా. చేయనిది చెప్పావో, రెండో ప్రశ్నకే దొరికిపోతావు.’’

విధి గొప్పదా, ‘సి’ గొప్పదా?

‘‘స్వామీ, అంతా తలరాతేనా? తెలియని ప్రశ్నలన్నిటికీ ‘సి’ పెట్టేయమంటున్నాడు మా రూమ్మేట్‌. వాడికి అలాగే క్లియరైందట.’’

‘‘తలరాత సంగతి బ్రహ్మకు తెలియాలి. ‘సి’ సంగతి తెలియడానికి లెక్కలు చాలు. సివిల్స్‌ ప్రిలిమ్స్‌ జనరల్‌ స్టడీస్‌ పేపర్‌ తీసుకో. ప్రశ్నకు 2 మార్కులు, నాలుగు ఆప్షన్లు, తప్పయితే ఆ మార్కుల్లో మూడో వంతు కోత. ఏమీ తెలియకుండా 12 ప్రశ్నలకు గుడ్డిగా పెట్టావనుకో. సగటున 3 ఒప్పవుతాయి, 6 మార్కులొస్తాయి. 9 తప్పవుతాయి, 6 మార్కులు పోతాయి. మిగిలేది సున్నా. బుర్రకు చెమట పట్టిందే లాభం.

అవే 12 ప్రశ్నల్లో ఒక్కో ఆప్షన్‌ కచ్చితంగా కాదని కొట్టేయగలిగితే సగటున 4 ఒప్పు, 8 తప్పు. చేతికి రెండున్నర మార్కుల పైచిలుకు. రెండేసి కొట్టేయగలిగితే 6 ఒప్పు, 6 తప్పు, చేతికి 8 మార్కులు. బ్యాంకు పరీక్షల్లో చాలావాటికి ఐదు ఆప్షన్లు, పావు వంతు కోత. అక్కడా గుడ్డిగా పెడితే సగటు సున్నానే.

కాబట్టి నువ్వు నేర్చుకోవాల్సింది సమాధానం తెలుసుకోవడం ఒక్కటే కాదు, ఏది సమాధానం కాదో తెలుసుకోవడం కూడా. మాక్‌ టెస్టు అయ్యాక మార్కులు చూసి పుస్తకం మూసేయకు. ఊహించి పెట్టినవాటి పక్కన చుక్క పెట్టుకో. చుక్కల్లో ఎన్ని తగిలాయో నాలుగు టెస్టులు చూస్తే నీ ఊహ ఎంత పదునైనదో తేలుతుంది. మీ రూమ్మేట్‌ అదృష్టం వాడి దగ్గరే ఉండనీ.’’

శుభముహూర్తం ఎప్పుడు?

చేతిలో పంచాంగంతో వచ్చిందో డిగ్రీ అమ్మాయి. అప్లికేషన్‌ పెట్టడానికి మంచిరోజు చెప్పమంది.

‘‘ఆఖరి రోజు తప్ప అన్నీ మంచిరోజులే తల్లీ. ఆఖరి రాత్రి పదకొండు గంటలకు సర్వర్‌ తిరుగుతూ ఉంటుంది, నీ తల తిరుగుతూ ఉంటుంది. అకౌంట్లో డబ్బు కటవుతుంది, ఫీజు కట్టినట్టు రసీదు రాదు. అసలు దుర్ముహూర్తం అది.

ఇంకో దోషం ఉంది. పేరు దోషం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, డిగ్రీ పట్టాలో ఒక్క అక్షరం. మూడూ పక్కపక్కన పెట్టి ఇవాళే చూసుకో. తేడా ఉంటే ఇప్పుడు సరిచేయించుకో. సర్టిఫికెట్ల పరిశీలన రోజు పరుగెత్తితే ఏ దేవుడూ అందుకోలేడు.

రిజర్వేషన్‌ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్‌ చేతిలో ఉందని కేంద్ర ఉద్యోగానికి ధీమాగా ఉండకు. అక్కడ ఓబీసీ నాన్‌ క్రీమీలేయర్‌ సర్టిఫికెట్‌ అడుగుతారు, అదీ కేంద్రం నమూనాలో. మన దగ్గర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలనేం లేదు, ముందు అది చూసుకో. ఈడబ్ల్యూఎస్‌ అయితే ఆదాయాన్ని ఆర్థిక సంవత్సరం ప్రకారం లెక్కిస్తారు. నోటిఫికేషన్‌ ఏ ఏడాదిది అడిగిందో ఆ ఏడాదిదే ఉండాలి. రాత పరీక్షలో గట్టెక్కి, కాగితం దగ్గర ఆగిపోయినవాళ్ల బాధ వర్ణనాతీతం.’’

మాయ అంటే ఏమిటి?

‘‘స్వామీ, మాయ అంటే?’’

‘‘ప్యాకేజీ.’’

భక్తులు నవ్వారు. స్వామి నవ్వలేదు. పెన్ను తీసి పాత న్యూస్‌పేపర్‌ అంచున లెక్క రాశాడు.

‘‘ఆఫర్‌ లెటర్‌లో ఏడాదికి రూ.4 లక్షలు అని ఉందనుకో. 12తో భాగించి నెలకు 33 వేలు అని ఇంట్లో చెప్పేస్తావు. మీ అమ్మ చుట్టాలకు చెప్పేస్తుంది. ఇప్పుడు లోపల చూద్దాం. ఉదాహరణకు బేసిక్‌ ఏడాదికి రూ.1,80,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్‌ అందులో 12 శాతం, అంటే రూ.21,600. గ్రాట్యుటీ కింద చూపేది 4.81 శాతం, రూ.8,658. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్‌ పే రూ.40,000, ఆరోగ్య బీమా రూ.10,000 అని రాశారనుకో. ఇవన్నీ ఆ 4 లక్షల్లోవే. నెలనెలా నీ చేతికి వచ్చేవి కావు. ఇవి పోగా రూ.3,19,742. అందులోంచి నీ వాటా పీఎఫ్‌ రూ.21,600, వృత్తి పన్ను నెలకు రూ.200. చివరికి నెలకు చేతికొచ్చేది సుమారు రూ.24,600.

ఇది మోసం కాదు నాయనా. పీఎఫ్‌ నీ డబ్బే, ఎక్కడికీ పోదు. కానీ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో హాస్టల్‌ అద్దె కట్టాల్సింది 33 వేలు చూసుకుని కాదు, 24 వేలు చూసుకుని. ఆఫర్‌ వచ్చినప్పుడు ‘నెలకు చేతికి ఎంత వస్తుందండీ, వేరియబుల్‌ ఎప్పుడిస్తారండీ’ అని అడగడానికి సిగ్గుపడకు. బాండ్‌ ఉంటే ఎన్నాళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో కాగితం మీద చదివాకే సంతకం పెట్టు. ఒరిజినల్‌ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే మాత్రం ఒకటికి పదిసార్లు ఆలోచించు. చూసి వెనక్కిచ్చేయడానికైతే ఎవరికైనా చూపించు.’’

ఎన్నేళ్లు తపస్సు చేయాలి?

ఈ ప్రశ్న అడిగినాయన దర్బార్‌లో అందరికన్నా పెద్దవాడు. నాలుగేళ్లుగా గది, స్టడీహాల్‌, మెస్‌. ఊరికి వెళ్తే ‘ఏం చేస్తున్నావురా’ అంటారని పండగలకు కూడా వెళ్లడం లేదట.

స్వామి కాసేపు గడ్డం నిమురుకున్నాడు. ‘‘తపస్సుకు కూర్చునేముందు ఎప్పుడు లేవాలో రాసుకున్నావా? పురాణాల్లో రుషులకు ఆ అవసరం లేదు, వాళ్లకు రూమ్‌ రెంట్‌ లేదు. నీకుంది. సివిల్స్‌లో జనరల్‌ వాళ్లకు 6 అవకాశాలు, 32 ఏళ్ల వయసు. అది ప్రభుత్వం గీసిన గీత. దానికి లోపల నీ గీత నువ్వు గీసుకోవాలి. ఇన్ని ప్రయత్నాలు, ఈ తేదీ వరకు, ఇంట్లో ఇంత డబ్బు వరకు. ఆ గీత అమ్మానాన్నలకు కూడా చెప్పు. వాళ్లు నీ ఫలితం కంటే నీ మౌనానికి ఎక్కువ భయపడుతున్నారు.

రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదు, నిజమే. కానీ ఒడ్డున ఇంకో పడవ కట్టి ఉంచుకుంటే తప్పేం లేదు. గ్రూప్స్‌కి చదివిన అర్థమెటిక్‌, కరెంట్‌ అఫైర్స్‌ ఎస్‌ఎస్‌సీ, బ్యాంకు, రైల్వే పరీక్షల్లోనూ పనికొస్తాయి. ఇంజినీరింగ్‌, డిగ్రీ చేసినవాళ్లకు కేంద్రం నాట్స్‌ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌లుంటాయి. స్టైపెండ్‌తో పాటు రెజ్యూమెలో రాసుకోవడానికి ఒక నిజమైన పని దొరుకుతుంది.

ఖాళీ గడిచిన ఏళ్ల గురించి ఇంటర్వ్యూలో అడుగుతారని భయపడుతున్నావు కదా. అడుగుతారు. ‘ఫలానా పరీక్షకు చదివాను, మెయిన్స్‌ దాకా వెళ్లాను, రాలేదు. ఇన్నాళ్లు అని పెట్టుకున్నాను, అయిపోయింది, ఇప్పుడు ఇటు వచ్చాను’ అని తలెత్తి చెప్పు. అందులో దాచుకోవాల్సింది ఏముంది?’’

దక్షిణ ఎంత?

ఇంతలో వెనక వరుసలోంచి ఒక కుర్రాడు లేచాడు. ‘‘సామీ, మా ఊర్ల ఒకాయన మూడు లక్షలు కడితే రైల్వేల నౌకరి పెట్టిస్తనంటుండు. పోయినేడు ఇద్దరికి పెట్టిచ్చిండంట. మా నాయన అర్ధెకరం అమ్ముదమంటుండు. ఏం జెయ్యాలె?’’

కొలువానంద స్వామి పుస్తకాల కట్ట మీంచి దిగి కిందికొచ్చాడు. ఆ కుర్రాడి పక్కన కూర్చున్నాడు.

‘‘ఆ ఇద్దరికీ ఉద్యోగం ఎలా వచ్చిందో చెబుతా విను. ఆయన ఇరవై మంది దగ్గర డబ్బు పట్టుకుంటాడు. ఎవరికీ ఏమీ చేయడు. ఇరవై మందిలో ఇద్దరు బాగా చదువుకున్నవాళ్లుంటారు. వాళ్లకు వాళ్ల మార్కులతోనే వస్తుంది. ఆ ఇద్దరినీ చూపించి ఇంకో యాభై మందిని పడతాడు. మిగతా పద్దెనిమిది మందికి ‘పైన సంతకం ఆగింది’ అని చెబుతాడు. జోస్యం చెప్పేవాడి కిటుకూ ఇదే. పుట్టేది మగపిల్లాడని అందరికీ చెబితే సగం మందికి నిజమవుతుంది. ఆ సగం మంది వాడికి ప్రచారం చేస్తారు.

ఇంకో సంగతి. కేంద్రంలో గ్రూప్‌-సి, నాన్‌ గెజిటెడ్‌ గ్రూప్‌-బి ఉద్యోగాలకు 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే లేవు. రైల్వే లెవెల్‌-1 పోస్టులకు కంప్యూటర్‌ పరీక్ష, దేహదారుఢ్య పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన, మెడికల్‌. అంతే. ‘బోర్డులో మనోడున్నాడు’ అంటే, లేని బోర్డులో ఎవరుంటారు?

ప్రైవేటు ఉద్యోగానికైనా అంతే. రిజిస్ట్రేషన్‌ ఫీజు, ల్యాప్‌టాప్‌ డిపాజిట్‌, ట్రైనింగ్‌ చార్జీలు అంటూ నీ దగ్గర డబ్బు అడిగేది ఉద్యోగం కాదు. జీతం వాళ్లు నీకివ్వాలి. విదేశమైతే ఆ ఏజెంట్‌ ఈ-మైగ్రేట్‌ పోర్టల్‌లో రిజిస్టరై ఉన్నాడా అని చూడాలి. రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీస్‌ చార్జీగా రూ.30 వేలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. డేటా ఎంట్రీ అని కంబోడియా తీసుకెళ్లి సైబర్‌ నేరాలు చేయించిన ఉదంతాల్లో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఇరుక్కున్నారు. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి రమ్మన్నారంటే అక్కడే ఆగిపో.

ఇప్పటికే డబ్బు ఆన్‌లైన్‌లో పంపి మోసపోయినవాళ్లుంటే, పరువు అని ఆలోచిస్తూ కూర్చోకండి. వెంటనే 1930కి ఫోన్‌ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. నువ్వు మాత్రం ఇవాళ రాత్రే మీ నాయనకు ఫోన్‌ చెయ్‌. అర్ధెకరం అమ్మొద్దని చెప్పు. అది ఆయన ఉద్యోగం.’’

ఆఖరి ప్రశ్న

అందరూ లేచే వేళకు ఒక అమ్మాయి మెల్లగా అడిగింది. ‘‘మా బ్యాచ్‌లో దాదాపు అందరికీ ఆఫర్లొచ్చాయి. నాకు తొమ్మిది కంపెనీలు పోయాయి. అమ్మ ఫోన్‌ చేస్తే ఎత్తడం మానేశాను. నేను దేనికీ పనికిరానా స్వామీ?’’

స్వామి ఇయర్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. గంభీరమైన గొంతు కూడా పోయింది.

‘‘దీనికి స్వామి అక్కర్లేదమ్మా, మామూలుగానే చెబుతా. ముందు ఆ తొమ్మిదీ ఒక కాగితం మీద రాయి. ప్రతి దాని పక్కనా నువ్వు ఎక్కడిదాకా వెళ్లావో రాయి. అసలు పిలుపే రాకపోతే లోపం రెజ్యూమెలో ఉండొచ్చు. రంగులు, బొమ్మలు, రెండు కాలమ్స్‌ ఉన్న రెజ్యూమెను సాఫ్ట్‌వేర్‌ సరిగ్గా చదవలేకపోవచ్చు. ఒక పేజీలో సాదాగా మార్చు. ఆన్‌లైన్‌ టెస్టులో ఆగిపోతుంటే రోజుకు గంట ఆప్టిట్యూడ్‌, టైమ్‌ పెట్టుకుని చెయ్‌. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగుతుంటే నీకు సబ్జెక్టు ఉంది, చెప్పడం అలవాటు కావాలి. స్నేహితురాలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పది ఇంటర్వ్యూలు ఉత్తుత్తివి చెయ్‌. ‘తొమ్మిది పోయాయి’ అంటే ఏం చేయాలో తెలియదు. ‘ఆరు టెస్టులో పోయాయి’ అంటే తెలుస్తుంది.

కంపెనీ వాళ్లు నిన్ను చూసింది ఒక పూట. ఆ పూట వాళ్లకు కావాల్సింది నీ దగ్గర కనిపించలేదు, అంతవరకే. మీ అమ్మ ఇరవై ఏళ్లుగా చూస్తోంది. ఎవరి మాట నమ్మాలో నువ్వే చూసుకో. ముందు ఫోన్‌ ఎత్తు.

మరీ మనసు బాగాలేక నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఒంటరిగా మోయకు. టెలిమానస్‌ నంబరు 14416. ఏ వేళైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.’’

వేషం తీసే వేళ

ఇప్పుడు మొదట్లో ఇచ్చిన మాట. నకిలీ అని ముందే ఎందుకు చెప్పాం?

అమెరికాలో విక్రమ్‌ గాంధీ అనే దర్శకుడు ఉన్నాడు. న్యూజెర్సీలో పెరిగిన భారతీయ సంతతి అబ్బాయి. ఆయన గడ్డం, జుట్టు పెంచి, కాషాయం కట్టి, వాళ్ల బామ్మ మాట్లాడే యాసలో ఇంగ్లిష్‌ మాట్లాడుతూ ‘కుమారే’ అనే స్వామిగా అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌ వెళ్లాడు. మంత్రాలు, ఆసనాలు సొంతంగా కల్పించాడు. నిజంగానే భక్తులు చేరారు. తమ బాధలన్నీ చెప్పుకున్నారు. ఆయన మాత్రం ‘నేను భ్రమ, గురువు మీలోనే ఉన్నాడు’ అని చెబుతూ వచ్చాడు. చివరికి వేషం తీసేసి నిజం చెప్పాలనుకుని మొదటిసారి నోరు పెగలక వెనక్కి తగ్గాడు. ఆ తర్వాతే చెప్పగలిగాడు. కొందరికి కోపమొచ్చింది, కొందరు ఆయన్ని దగ్గరికి తీసుకున్నారు. ఇదంతా 2011లో డాక్యుమెంటరీగా వచ్చింది. మంత్రాలు ఉత్తివే. ఆ కొద్ది నెలల్లో కొందరు తమ అలవాట్లలో చేసుకున్న మార్పులు మాత్రం ఉత్తివి కావు. వాటిని చేసింది స్వామి కాదు కదా!

ఉద్యోగాల వేటలో మీకు రోజూ ఎవరో ఒక స్వామి ఎదురవుతాడు. కాషాయం ఉండదు. కోటు, టై ఉంటాయి. లేదా ‘30 రోజుల్లో గ్యారంటీ జాబ్‌’ అనే పోస్టర్‌ ఉంటుంది. మంచి టీచర్‌ కూడా ఎదురవుతారు. ఇద్దరినీ గుర్తుపట్టడం కష్టమేం కాదు. టీచర్‌ ‘నువ్వే చేసి చూడు, తప్పెక్కడో చెబుతా’ అంటారు. స్వామి ‘నన్ను నమ్ము, డబ్బు కట్టు’ అంటాడు. మా కొలువానంద చెప్పినవి కూడా నమ్మకండి. నోటిఫికేషన్‌ తెరిచి సరిచూసుకోండి. ‘సి’ లెక్క మీరే వేసుకోండి. మీ ఆఫర్‌ లెటర్‌ మీరే విప్పి చదవండి.

దర్బార్ ముగిసింది. ప్రసాదంగా రేపటికి మూడు పనులిచ్చాడు స్వామి. సర్టిఫికెట్లలో పేర్లు పక్కపక్కన పెట్టి చూసుకోవడం, పోయిన అవకాశాలన్నీ దశల వారీగా కాగితం మీద రాసుకోవడం, ఇంటికి ఒక ఫోన్‌.

‘‘మళ్లీ దర్శనం ఎప్పుడు స్వామీ?’’ అన్నారెవరో.

‘‘మీకు కొలువులొస్తే నా కొలువు పోతుంది నాయనా. మళ్లీ కనపడకుండా చూడండి!’’